చెలమనీళ్ళ రిపోర్టు

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారని నాకు పేపర్లో తెలిసింది. నల్లపాడులో నేను పాఠాలు చెప్పే స్కూలు స్టాఫ్‌రూములో మూడో పీరియడ్ ఖాళీగా కూర్చుని జిల్లా ఎడిషన్ తిరగేస్తుంటే, లోపలి పేజీ అడుగున పాస్‌పోర్టు సైజు ఫొటో కనిపించింది. కింద నాలుగే నాలుగు వాక్యాలు. రిటైర్డ్ లెక్చరర్, గుండెపోటు, అంత్యక్రియలు నిన్ననే అయిపోయాయి. నాలుగో వాక్యం ఇదీ: ‘ఏటి నీరు తాగుటకు యోగ్యమని నిరూపించి పలు గ్రామాల మంచినీటి పథకానికి బాటలు వేసిన ధన్యజీవి.’

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే పేపరు అడ్డంగా చించేశాను. అది స్కూలు పేపరు, హెడ్మాస్టరుగారు ఇంకా చదవనే లేదట. ఆయన నా మొహం చూసి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చదువుకున్నారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించాలని నాకూ తెలుసు. చదివేవాళ్ళు మన్నించాలి, ఈయన విషయంలో నావల్ల కాదు. ఎందుకంటే ఆ నాలుగో వాక్యాన్ని చెరిపేయాలనే ఆయన తన చివరి ఏళ్ళన్నీ ఖర్చుపెట్టారు. చచ్చిపోయిన మర్నాడే దాన్ని తెచ్చి ఆయన ఫొటో కింద అచ్చేశారు.

తొంభైల చివర నేను బీఎస్సీ చదివే రోజుల్లో ఆయన మాకు ప్రాక్టికల్స్ చెప్పేవారు. చొక్కాకి కుడిచేతి వైపు యాసిడ్ పడి కాలిన చిల్లులు ఎప్పుడూ ఉండేవి. కొత్త చొక్కా కొన్నా నెల తిరక్కుండా చిల్లులు పడేవి. మీసాలు పసుపుపచ్చగా ఉండేవి, అది సిగరెట్టో రసాయనమో మాకెప్పుడూ తేలలేదు. ఆడపిల్లల్ని ‘అమ్మాయ్’ అనీ, మగపిల్లల్ని ‘ఏమయ్యా పెద్దమనిషీ’ అనీ పిలిచేవారు. పేర్లు గుర్తుండేవి కాదు కానీ ఎవరి రికార్డులో ఏ రీడింగు ఎంతో మటుకు గుర్తుండేది.

దొంగ రీడింగులు ఆయనకి పడేవి కావు. జవాబు ముందే తెలుసు కాబట్టి దానికి సరిపోయేటట్టు అంకెలు వేసుకోవడం అన్ని కాలేజీల్లోనూ ఉన్నదే. మా బ్యాచిలో ఒకడు అలా వేసుకొస్తే ఆ రికార్డు తీసి కిటికీలోంచి విసిరేశారు. అది పోయి ప్రిన్సిపాల్‌గారి గులాబీ మొక్కల్లో పడింది. “నీకొచ్చింది రాయవయ్యా పెద్దమనిషీ! రావాల్సింది నువ్వు రాస్తే ఇంక ఈ గాజుసామానంతా దేనికి, తిరునాళ్ళలో అమ్ముకుందామా?” అని అరిచారు. ఆ మాట మా అందరికీ ఊతపదమైపోయింది. క్యాంటీన్లో టీ చల్లగా ఉన్నా “నీకొచ్చింది రాయవయ్యా” అనుకునేవాళ్ళం.

ఆ ఏళ్ళలో మా వైపు పత్తి ఎలా పండించేవాళ్ళో ఆ ఏళ్ళు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పురుగు చావదు, మనిషి ఊరుకోడు. ఒకటి పనిచేయకపోతే రెండు మందులు కలిపి కొట్టేవాళ్ళు, రెండూ పనిచేయకపోతే మూడు. పొద్దున్నే తలుపు తీస్తే గాలిలోనే మందు వాసన కొట్టేది. మిర్చికీ అదే, పొగాకుకీ అదే. మిగిలిన మందు డబ్బా అడుగున ఉంటే దాన్ని ఏట్లో ముంచి కడిగేవాళ్ళు. మా ఊరు అద్దంకికి పైన, ఏటి ఒడ్డున. ఆ కడిగిన చోటికీ మా ఇంటికీ మధ్య పట్టుమని వంద అడుగులు లేవు.

మాస్టారికి ఏటి పిచ్చి పట్టింది అప్పుడే. ఒకే ఏరు కొండ అంచున మొదలై పొగాకు చేల మధ్య, మిర్చి తోటల పక్కన, పత్తి పొలాల కింద, చివరికి టౌను మురుగు కలిసేదాకా వస్తుంది కదా, ఏ నేల దాటినప్పుడు ఈ నీళ్ళకి ఏం అంటుకుంటోందో చూడాలన్నారు. ఐదు రేవులు గుర్తుపెట్టుకున్నారు. కొండ దగ్గరది ఒకటో రేవు, పొగాకు రెండు, మిర్చి మూడు, పత్తి నాలుగు, టౌను ఐదు. నాలుగోది మా ఊరి రేవు.

ఐదు చోట్లా ఒకే పొద్దున, ఒకే వేళకి నీళ్ళు పట్టాలి. లేకపోతే ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడానికి లేదు. ఆయన ఒక్కరే ఐదు చోట్ల ఉండలేరు కాబట్టి రేవుకి ఒకళ్ళని కుదుర్చుకున్నారు. తెల్లవారగానే వాళ్ళు సీసాలు నింపి మూత బిగించి పెడితే, ఈయన మోపెడ్ మీద ఐస్ పెట్టె కట్టుకుని ఐదో రేవు నుంచి పైకి ఒక్కొక్కటే ఏరుకుంటూ వచ్చేవారు. మా ఇంటికొచ్చేసరికి తొమ్మిదయ్యేది. అరుగు మీద రెండు సీసాలు తళతళా మెరుస్తూ ఉండేవి. మా అమ్మ వాటిని చింతపండు పెట్టి తోమేదని తర్వాత తెలిసింది.

నాలుగో రేవుకి మా అమ్మని కుదిర్చింది నేను. ఆ రోజు ఆయన నాతో చెప్పింది నాకు అక్షరాలా గుర్తుంది. “అమ్మాయ్, ఈ నీళ్ళు మంచినీళ్ళకి పనికొస్తాయో లేదో చూడాలి. మీ రేవులో నీళ్ళు పట్టి పెట్టమని అమ్మగారికి చెప్పు.” నేను ఇంటికెళ్ళి వసారాలో చెప్పులు విడుస్తూ చెప్పిన మాట కూడా గుర్తుంది. “అమ్మా, మా మాస్టారికి నెలకోసారి మంచినీళ్ళు పట్టి పెట్టాలంట.”

అంతే. ఇంత పొడుగు మాట అక్కడ బయల్దేరి అంత పొట్టిదై ఇక్కడ చేరింది. మీకు ఇందులో తప్పేమీ కనిపించకపోవచ్చు. మా ఊళ్ళో మంచినీళ్ళు వేరు, వాడకం నీళ్ళు వేరు. ఏట్లో పారేవి వాడకం నీళ్ళు. గొడ్లకీ, గుడ్డలకీ, అంట్లకీ అవే. తాగడానికైతే ఆడవాళ్ళు ఏటి ఇసకలో మోచెయ్యి లోతు గుంట తవ్వుతారు, చెలమ అంటాం. ఇసకలోంచి ఊరిన నీళ్ళు కాసేపటికి తేరుకుంటే కొబ్బరిచిప్పతో ముంచి బిందెలో పోసుకుంటారు. మంచినీళ్ళు అంటే మా అమ్మకి చెలమనీళ్ళే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ మాటకి ఆవిడకి ఇంకో అర్థం లేదు. రెండేళ్ళపాటు ప్రతి నెలా ఆవిడ తెల్లవారుజామున లేచి, కొత్త చెలమ తవ్వి, తేర్చి, సీసా నింపింది.

నాలుగో రేవు రీడింగులు చూసి మాస్టారు మురిసిపోయేవారు. మూడో రేవు దగ్గర మిర్చి ఎరువంతా కనిపిస్తోంది, ఐదో రేవు సంగతి చెప్పనే అక్కర్లేదు, మధ్యలో పత్తి రేవు మాత్రం కొండ నీళ్ళంత తేటగా ఉంది. వాన పడి ఏరు ఎర్రగా పారిన నెలలో కూడా తేటే. అక్కడ అనుమానించాల్సింది. అనుమానించలేదు. “ఇసక మేట చూశావా అమ్మాయ్, ఏరు తన్ను తాను కడుక్కుంటోంది” అని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవారు. ఎక్కడో సెమినార్లో దాని మీద పేపరు కూడా చదివొచ్చారు. ఆ వారమంతా నడకే మారిపోయింది. దొంగ రీడింగులకి రికార్డులు విసిరేసే మనిషికి కూడా మంచి అంకె కనిపిస్తే కళ్ళు మూసుకుపోతాయని నేను అనడం ఆయన మీద నింద కాదు. తర్వాత ఆయనే నాతో అన్న మాట అది.

ఈలోగా ఏటి మీద మంచినీళ్ళ పథకం వచ్చింది. ఏట్లో పారే నీళ్ళు నేరుగా వచ్చి పడేలా బావి ఎక్కడ తవ్వాలో తేల్చాలి. ఆఫీసువాళ్ళ దగ్గర ఏటి నీళ్ళ గురించి చిన్న కాగితం ముక్క కూడా లేదు. కాలేజీలో ఎవరో పరీక్షలు చేస్తున్నారని తెలిసి వచ్చి అడిగారు. ఈయన సంతోషంగా రెండేళ్ళ రిపోర్టూ ఇచ్చేశారు. వాళ్ళు అందులో అన్నిటికంటే మంచి అంకెలున్న రేవు చూసుకున్నారు. పత్తి చేల కింద, మందు డబ్బాలు కడిగే చోటుకి దిగువన, బావికి గుర్తుగా ఎర్రజెండా పాతారు. మా అమ్మ ఊరంతా చెప్పుకుంది, మన రేవు నీళ్ళే అన్నిటికంటే మంచివని తేలిందంట అని.

జెండా పాతిన నెలలోనే ఆయన వరస మార్చి మా రేవుకి ముందుగా వచ్చారు. ఐదో రేవు దగ్గర రోడ్డు తవ్వి పడేశారని, దాన్ని చివరికి వదిలి మా రేవు నుంచి మొదలుపెడదామనుకున్నారు. అప్పటికి ఇంకా సూర్యుడు పూర్తిగా రాలేదు. నేను కూడా ఆయన వెనకాల ఏట్లోకి దిగాను. అమ్మ చెలమ పక్కన గొంతుక్కూర్చుని చిప్పతో సీసాలోకి పోస్తోంది. పది బారల అవతల పారే నీళ్ళలో ఇద్దరు స్ప్రేయర్లు ముంచి కడుగుతున్నారు, పాల రంగు చార కిందికి పోతోంది.

“ఏంటమ్మా ఇది?” అన్నారు మాస్టారు.

“నీళ్ళే మాస్టారూ. ఇంకొక్క సీసా ఉంది, కూర్చోండి, అయిపోద్ది.”

“ఏట్లో పట్టడం లేదా?”

“ఏట్లోనా!” అమ్మ నోరు నొక్కుకుంది. “అయ్యి వాడకం నీళ్ళయ్యా. గొడ్లు దిగుతయ్యి, అదిగో మందు డబ్బాలు కడుగుతున్నారు. మీరు మంచినీళ్ళు గావాలన్నారంటగా. టౌను నుంచి ఇంత దూరం వచ్చే పంతులుగారికి ఆ మురుగు పట్టి పంపిస్తానా? మా ఊరి పరువేంగాను!”

మాస్టారు ఒక్క క్షణం నవ్వారు. నిజంగానే నవ్వారు, నాకు పళ్ళు కనిపించాయి. ఆ తర్వాత తడి ఇసకలో అలాగే కూలబడిపోయారు. ప్యాంటు తడుస్తోందని అమ్మ కంగారు పడింది. నేను నా చెప్పులకేసి చూసుకుంటున్నాను, ఆ పొట్టి మాట ఎవరిదో నాకప్పుడే వెలిగింది. ఆయన లేచి, చెయ్యి దులుపుకుని, “తప్పు మీది కాదమ్మా. ఇక నుంచి పారే నీళ్ళలోనే పట్టండి, ఎంత మురికిగా ఉన్నా సరే, అలాగే పట్టండి” అన్నారు. అమ్మ “సరేనయ్యా” అంది కానీ ఆవిడకి అది అస్సలు నచ్చలేదు.

ఆ తర్వాత వరసగా నాలుగు నెలలు నాలుగో రేవు అసలు నీళ్ళు చూశాం. నేను అంకెలు రాయను, ఆయనే ఉంటే యూనిట్లు ఏవని గదమాయించేవారు. ఐదు రేవుల్లోకీ చెడ్డది టౌను మురుగు కలిసే చోటనుకున్నాం కదా, కాదు. మాది. పెద్ద లేబొరేటరీకి పంపిన సీసాలో మందు ఉందని రాసి పంపారు. ఏ మందో, ఎంతో, అన్నీ రాశారు.

ఆయన తన దగ్గరున్న రిపోర్టు నకల్లో నాలుగో రేవు పేజీలన్నీ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, ప్రతి పేజీ మీదా ‘తప్పు. నాదే’ అని రాసి సంతకం పెట్టారు. దాంతోపాటు కొత్త రీడింగులు జతచేసి ఆఫీసుకి తీసుకెళ్ళారు. అంకెలు రాసింది నేను కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఆ గది ఇప్పటికీ కళ్ళముందుంది. ఫ్యాను కింద ఇంజనీరుగారు, ఆయన ముందు మేం నిలబడి. కూర్చోమన్నవాళ్ళు లేరు.

“ఏంటి మాస్టారూ, ఇరవైనాలుగు నెలలు మంచివని రాశారు, నాలుగు నెలలు చెడ్డవని రాశారు. నేను ఏది చూడాలి?”

“నాలుగే నిజమండి. ముందువి ఏటి నీళ్ళు కావు. చెలమనీళ్ళు.”

“చెలమనీళ్ళని ఎవరు చెప్పారు? పట్టినవాళ్ళ పేరు రాసి, వాళ్ళ స్టేట్‌మెంటు, సంతకమో వేలిముద్రో పెట్టించుకుని తీసుకురండి, ఫైల్లో పెడతాను. ఊరికే మీరొచ్చి తప్పంటే తప్పైపోద్దా? టెండర్లు కూడా పిలిచేశాం.”

మాస్టారు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. నేను ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. “తప్పు నాదేనండి, నా సంతకం ఉంది కదా” అని మళ్ళీ మళ్ళీ అదే అన్నారు. ఇంజనీరుగారు ఆ కాగితాలు తీసుకుని, పక్కనున్న దొంతర మీద పెట్టి, ఇంకో ఫైలు విప్పుకున్నారు.

బస్టాండులో ఆయన చెరుకురసం తాగించారు. “అమ్మాయ్, ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దు” అన్నారు. “రేపు ఆ నీళ్ళు తాగి ఎవరికేమైనా, ఇంజనీరు పేరు రాదు, నా పేరు రాదు. ఫలానా ఆవిడ చేసిందని మీ అమ్మగారి మీద పడతారు. ఊళ్ళో బతకనివ్వరు.”

నేను సరేనన్నాను. నిజం చెప్పాలి కదా, నాకు ఊపిరి వచ్చింది. అమ్మ పేరు బయటికొస్తే ఆ మాట మోసుకెళ్ళిన నా పేరూ వస్తుంది. ఇరవయ్యేళ్ళ పిల్లని, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. ఆయన పెద్దమనసుతో చెప్పిన దాన్ని నేను పిరికితనంతో పట్టుకున్నాను, వదల్లేదు.

పథకం పూర్తయింది. రిబ్బను కట్ చేశారు. ఎర్ర సిరా కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు, కొట్టెయ్యని రిపోర్టు మాత్రం ఆఫీసులో ఉంది. మాస్టారు ఊరుకోలేదు. మందులు కొట్టే కాలం వచ్చిందంటే రెండు సీసాలు సంచిలో వేసుకుని ఊరూరూ తిరిగేవారు. కుళాయిల దగ్గర, టీకొట్ల దగ్గర నిలబడి చెప్పేవారు. కాచినా పోదు, ఈ నెలల్లో తాగకండి అని. జబ్బుల గురించి ఒక్క మాట అనేవారు కాదు. “అది డాక్టర్లు చెప్పాలి. నాకు నీళ్ళ సంగతి తెలుసు, అదే చెబుతాను” అనేవారు.

వినేవాళ్ళు ఏమనేవారో తెలుసా? “మీరే కదండీ బాగున్నయ్యని రాసిచ్చింది!” ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. పురుగుమందుల కొట్టాయన పదిమందిలో పెద్దగా నవ్వి, “మాస్టారికి రిటైరయ్యాక తిన్నదరక్క రోజుకో మాట మారుస్తున్నాడు” అన్నాడు. నాకు ఆ మనిషి చొక్కా పట్టుకోవాలనిపించింది. మాస్టారు సీసా మూత మళ్ళీ బిగించి, మోపెడ్ స్టాండు తీశారు. దారిలో మాత్రం ఒక్క మాటన్నారు: “నా సంతకంతోనే నన్ను కొడుతున్నారు అమ్మాయ్.”

నేను అప్పుడైనా చెప్పొచ్చు. పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, భయపడాల్సిందేమీ లేదు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఈ నెల రోజుల్లో నన్ను నేను వందసార్లు అడిగాను. అలవాటైపోయింది, అంతకంటే గొప్ప జవాబు నా దగ్గర లేదు.

కాలేజీలో సంతాప సభ పెట్టారు. నేను వెళ్తుంటే అమ్మ కూడా వస్తానంది. “నెలనెలా మన అరుగు మీద మజ్జిగ తాగిన మనిషి, పోకపోతే ఎట్టా” అంది. వేదిక మీద మాస్టారి ఫొటో, దండ. ముఖ్య అతిథిగా ఆ ఇంజనీరుగారే వచ్చారు, ప్రమోషన్ మీద ఇప్పుడు ఇంకా పెద్దాయన. మైకు పట్టుకుని, ఫైల్లోంచి ఒక కాగితం తీశారు. రిపోర్టు. ఎర్ర సిరా లేనిది.

“నాలుగవ రేవు నీరు తాగుటకు మిక్కిలి యోగ్యము” అని చదివి వినిపించారు. “ఇలాంటి శాస్త్రవేత్త మన మధ్య ఉండటం మన అదృష్టం.” చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు!

నేను లేచాను. ఏం మాట్లాడాలో అనుకుని లేవలేదు. “ఆ కాగితం ఆయన కొట్టేసింది. మీ టేబుల్ మీద పెట్టి తప్పు నాదేనన్నారు, నేను పక్కనే ఉన్నాను. మీకు గుర్తులేదా, గుర్తులేనట్టు ఉన్నారా? బతికుండగా ఆయన మాట వినలేదు సరే, చచ్చాక ఆయన నోట్లో మీ మాట కుక్కుతారా?” గొంతు కీచుగా వస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

“అమ్మా, మీరు ఎమోషన్లో ఉన్నారు. కూర్చోండి” అన్నారాయన, చాలా మర్యాదగా. ఆ మర్యాద చూస్తే నాకింకా మండింది. ఎవరో వచ్చి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

అమ్మ నా చెయ్యి గుంజింది. “ఏందే అది? నాలుగో రేవంటే మన రేవేగా?”

“అవును.”

“ఆయన చదివింది నేను పట్టిన నీళ్ళా? చెలమనీళ్ళా?”

నేను తల ఊపాను. బస్సులో అమ్మ సగం దూరం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మిర్చి కల్లాలు దాటాక అడగడం మొదలెట్టింది, నేను చెప్పడం మొదలెట్టాను. ఇంజనీరు అడిగిన స్టేట్‌మెంటు సంగతి, బస్టాండులో చెరుకురసం సంగతి, అన్నీ చెప్పాను. నా పొట్టి మాట సంగతి కూడా.

అమ్మ నన్ను చిన్నప్పుడు కూడా అంత గట్టిగా తిట్టలేదు. బస్సులో జనం తిరిగి చూశారు. “నా పరువు కాపాడమని మిమ్మల్నెవరు అడిగారే? ఆయనకైతే నేను పరాయిదాన్ని, మొహమాటపడ్డాడు. నువ్వు నా కడుపున పుట్టావు గదే! నా పరువు కోసం ఊరందరి చేతా ఆ మందునీళ్ళు తాగిస్తారా? ఇన్నేళ్ళు? ఒక్క ముక్క నాతో అంటే ఆ రోజే పోయి చెప్పేదాన్ని గదా! ఆ మహానుభావుడు మాటలు పడతా తిరిగాడు, నేను కుళాయి కాడ నిలబడి మా రేవు నీళ్ళని గొప్పలు చెప్పుకున్నా!”

నాకు మాస్టారి మీద కూడా కోపం వచ్చింది, ఆ క్షణంలో. ఆయన మా అమ్మని కాపాడాలనుకున్నారు. అడిగుంటే బాగుండేది. పదిహేను రకాల పరీక్షలు చేసే మనిషి, ఈ మనిషి ఏపాటిదో ఒక్కసారి పరీక్ష చేసి చూడలేదు. ఆయన మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గదు. కానీ స్మృతి అని రాస్తూ ఈ మాట దాస్తే అది కూడా దొంగ రీడింగే అవుతుంది.

మర్నాడు పొద్దున పదింటికి ఇద్దరం ఆఫీసు మెట్లెక్కాం. పెద్దాయన లేరన్నారు, తర్వాత రమ్మన్నారు. అమ్మ అక్కడే బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఒక గుమాస్తా విసుక్కుంటూ కాగితం తీశాడు. అమ్మ చెబుతుంటే రాశాడు. ‘నేను ఏటిలో పట్టలేదు, ఇసుకలో చెలమ తవ్వి పట్టితిని’ అని అతను తన భాషలో రాసుకున్నది చదివితే, అమ్మ ఆపి, “మాస్టారికి ఈ సంగతి తెలవదని కూడా రాయి. నేను చెప్పలా. ఆయన తప్పేం లేదని రాయి” అంది. రాశాడు. స్టాంప్ ప్యాడ్ ముందుకు జరిపాడు. అమ్మ బొటనవేలు ఇటూ అటూ దొర్లించి సిరా పట్టించి, కాగితం మీద గట్టిగా అదిమింది. అందినట్టు ముద్ర వేయించుకుని నకలు నేను తెచ్చుకున్నాను. ఆ కాగితాన్ని వాళ్ళేం చేస్తారో నాకు తెలియదు. నాకు పెద్ద ఆశేమీ లేదు.

అందరూ వేలిని గోడకి తుడుచుకుంటారు, అక్కడి గోడ నిండా ఆ మరకలే. అమ్మ తుడుచుకోలేదు. ఊళ్ళో బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా వీధి కుళాయి దగ్గరికి నడిచింది. సాయంత్రం నీళ్ళు వదిలే వేళ, పదిహేను మంది ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకుని ఉన్నారు. ఎర్రటి ఎండు మిరపకాయల్లో రోజంతా పనిచేసి వచ్చి మొహాలు కడుక్కుంటున్నారు కొందరు. అమ్మ వాళ్ళ మధ్యకి పోయి నీలం వేలు ఎత్తి చూపించింది.

“ఇదిగో, వేలిముద్ర ఏసొచ్చా. ఈ నీళ్ళు మంచియ్యని రాసింది పంతులుగారు కాదు, నేను. ఆయనకి చెలమనీళ్ళు పట్టిచ్చి మోసం చేసింది నేను. ఆయన నిజం చెబుతా ఊరూరూ తిరిగితే మీరూ నేనూ నవ్వాం. మందులు కొట్టినన్నాళ్ళూ ఈ కుళాయి నీళ్ళు తాగబాకండి. పిల్లలకి అసలు పొయ్యబాకండి.”

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది, కట్టేవాళ్ళు లేరు. తర్వాత ఒకావిడ, “ఇన్నేళ్ళు తాగించి ఇప్పుడు చెబుతావా ముసలిదానా!” అని మీదికొచ్చింది. అమ్మ వెనక్కి జరగలేదు, నేను అడ్డం పోబోతే నన్ను పక్కకి నెట్టింది. చంకలో పిల్లతో ఉన్న ఇంకో అమ్మాయి మాత్రం అమ్మ వేలినే చూస్తూ నిలబడింది. చూసి చూసి, ఒక కాలితో తన నిండు బిందెని తోసేసింది. నీళ్ళు తళతళా మెరుస్తూ రోడ్డు మీద పారి అమ్మ పాదాల చుట్టూ తిరిగాయి. అమ్మ అలాగే నిలబడి ఉంది.